కుడి వింగు డెరెక్

రాయ్ బాబా మళ్లీ ఏడుస్తున్నాడు.

బిస్మిల్లా బీ గరిటె పక్కన పడేసి హాల్లోకి పరుగెత్తింది.

చక్రాల కుర్చీలో బాబా. ఎదురుగా స్టూలు మీద డెరెక్. టీపాయ్ మీద నారింజ పళ్లు వరసగా పేర్చి, ఏదో మ్యాచ్ కథ చెబుతున్నాడు. బాబా ఎడమ చేత్తో డెరెక్ చొక్కా చేతిని పట్టుకుని వదలడం లేదు.

"చాలు మిస్టర్! ఖలాస్!" అని కసిరింది.

డెరెక్ నొచ్చుకోలేదు. ఒక నారింజ ఒలిచి ఆమె చేతికే ఇచ్చాడు.

కువైట్‌లో, ఫింటాస్‌లోని ఆ ఫ్లాట్‌లో ఆమె పని బాబాను చూసుకోవడం. పక్షవాతం వచ్చి ఆయనకు మాట పడిపోయింది. కూతురు హెలెన్ మేడం ఇక్కడి ఇంగ్లీషు స్కూల్లో టీచరు. లండన్‌లో చూసే దిక్కు లేదని తండ్రిని తన దగ్గరికే తెచ్చుకుంది.

రాయచోటి వదిలి పదకొండేళ్లలో ఎన్నో ఇళ్లు చూసిన బిస్మిల్లా బీకి ఈ ముసలాయన మీద ఎందుకో ప్రాణం. ఆయన కంట తడి చూస్తే ఆమెకు ముద్ద దిగదు.

డెరెక్ అదే స్కూల్లో ఫుట్‌బాల్ కోచ్. అరవై దాటాయి. ఎనిమిది నెలలుగా రోజూ సాయంత్రం వస్తున్నాడు. బాబాను సముద్రం ఒడ్డుకు తోసుకెళ్తాడు. తిరిగొచ్చేసరికి చక్రాల నిండా ఇసుక. తుడిచేది ఆమె.

ఇద్దరికీ నాలుగు అరబ్బీ ముక్కలు, నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చు. పోట్లాటకు అవి చాలు.

"మీరూ ఆడినారా మిస్టర్?" అని ఒకరోజు అడిగింది.

"ఆడాను. కుడి వింగు. గీత వెంట పరిగెత్తి మధ్యలో ఉన్నవాడికి బంతి అందించాలి."

"గోల్ కొట్టేది?"

"మధ్యలో ఉన్నవాడు."

"పేరు వచ్చేది?"

"వాడికే!" పకపకా నవ్వాడు.

"పెద్ద టీమా?"

"నాలుగో డివిజన్. చిన్న ఊళ్లు, వాన, మోకాలి లోతు బురద. వేసవిలో ఆట ఉండదు, ఇటుకలు మోసేవాణ్ని. అలా పదకొండేళ్లు."

కళ్లు మెరుస్తుంటే చెప్పాడు, రాజ్యాలు ఏలినవాడిలా.

"బాబా కూడా ఆడినాడంట కదా, మీ టీమేనా?"

"కాదు. కానీ ఒకసారి ఒకే మైదానంలో ఆడాం" అని బాబా భుజం తట్టాడు.

పాత దోస్తులన్నమాట అనుకుంది బిస్మిల్లా బీ.

జూన్‌లో బాబాకు బీపీ బాగా పెరిగింది. మనసు కదిలే మాటలు వద్దన్నాడు డాక్టరు.

కిందికి వెళ్లినప్పుడు వాచ్‌మన్ మునాఫ్ దగ్గర వాపోయింది. అతనిదీ రాయచోటే.

"ఆ దొర పాత ముచ్చట్లన్నీ చెప్పి చెప్పి బాబాను ఏడిపిస్తాండాడు మునాఫూ."

"మేడంతో చెప్పు ఆపా."

"ఆమెకు ఆయనంటే శానా గౌరవం. ఇంటాదా? నేనే ఏందో ఒకటి చేస్తా."

మర్నాడు మధ్యాహ్నం మూడింటికే బెల్ మోగింది. తలుపు కొంచెం తెరిచింది. డెరెక్. ఆ ఎండలో కోటు, టై.

"బాబా పండుకున్నాడు" అంది. బాబా కిటికీ దగ్గర మెలకువగానే ఉన్నాడు.

"రెండు నిమిషాలు బిస్మిల్లా. చూసి వెళ్లిపోతాను."

"వద్దు మిస్టర్. మీరొస్తే ఆయన ఏడుస్తాడు. డాక్టర్ వద్దన్నాడు. రేపు రండి."

"రేపు..." అని ఆగాడు.

లోపల బాబా కుర్చీ చేతిని చరుస్తున్న చప్పుడు. ఆమె తలుపును ఇంకాస్త దగ్గరికి లాగింది.

డెరెక్‌కు ఆ చప్పుడు వినపడింది. అయినా ఆమె అబద్ధాన్ని అబద్ధం అనలేదు.

"ఆయన్ని బాగా చూసుకుంటున్నావు. షుక్రాన్" అని థాంక్స్ చెప్పాడు.

లిఫ్టు కిందికి దిగిపోయింది.

ఐదున్నరకు హెలెన్ వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"డెరెక్ వచ్చి వెళ్లాడా?"

"వచ్చినాడు మేడం. బాబా నిద్రపోతున్నాడని చెప్పి పంపించేసినా."

హెలెన్ సోఫాలో కూలబడింది.

"ఈపాటికి విమానం ఎక్కి ఉంటాడు. వయసైందని స్కూలు కాంట్రాక్టు పొడిగించలేదు. ఇక కువైట్ రాడు."

బిస్మిల్లా బీ కిటికీ దగ్గరున్న బాబా వైపు చూసింది.

"నాకు ఒక్క మాట చెప్పలేదే! బాబాకు పాత దోస్తు గుర్తొచ్చి ఏడుస్తాడనే కదా మేడం, నేను..."

"దోస్తా?" హెలెన్ తలెత్తింది. "వాళ్లు కలిసింది ఒక్కసారే, నలభై రెండేళ్ల కింద. ఇక్కడ స్టాఫ్‌రూమ్‌లో నేను నాన్న పేరు చెబితే డెరెక్ ఆ పేరు మళ్లీ ఒకసారి చెప్పించుకున్నాడు. తర్వాత 'ఆయన్ని చూడ్డానికి రావచ్చా' అని తనే అడిగాడు."

"ఒక్కసారేనా?"

"ఒక శనివారం. ఎదురెదురు టీములు. డెరెక్‌కు ఇరవై ఒకటి. సోమవారం మొదటి డివిజన్ టీమ్‌లో సంతకం పెట్టాలి. ఆ మ్యాచ్‌లోనే కాలు విరిగింది. రెండేళ్లు ఆట లేదు. పెద్ద టీమ్ మళ్లీ పిలవలేదు. ఆ చిన్న ఊళ్లలో ఆడిందంతా అతుకు పడ్డ కాలితోనే."

"యా అల్లా! అంత పని చేసింది ఎవరు మేడం?"

హెలెన్ లేచి వెళ్లి తండ్రి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. తడిసిన ఆ చెంపలు చేత్తో తుడిచింది.

"బంతి కోసమే దూకాడు బిస్మిల్లా, కానీ ఆ కాలు విరగ్గొట్టింది మా నాన్నే."