అడ్డం తిరిగిన పన్ను

సెలూన్‌లో రేడియో మూగబోయింది.

రేడియో అంటే పెట్టె కాదు, సెలూన్ నడిపే మనిషి. కత్తెర ఆడినంతసేపూ ఆయనకి నోరు ఆడుతూనే ఉండాలి. అందుకే ఆ పేరు. అలాంటి మనిషి, ఎడమ దవడ బంతిలా ఉబ్బిపోయి, సైగలతోనే గడ్డాలు గీస్తున్నాడు.

"మళ్ళీ అదే పన్నా?" అన్నాడు కుర్చీలో కూర్చున్న పళ్ళ డాక్టరు. ఆయన క్లినిక్ ఎదురుగానే. జ్ఞానదంతం అడ్డంగా పడుకుని పక్క పన్నుని నెడుతోందని ఎక్స్‌రే తీసి చెప్పింది ఆయనే. అది జరిగి నాలుగేళ్ళయింది.

రేడియో తలూపాడు.

"అరగంట పని. ఎదురుగా నన్ను పెట్టుకుని ఇంత భయమేంటయ్యా నీకు?"

"ఇంకా టైముంది సార్," అన్నాడు రేడియో, పళ్ళ సందులోంచి.

ఎప్పుడడిగినా అదే మాట. జ్వరమొచ్చినా అదే. నోరు వేలెడు కూడా తెరుచుకోక వారంపాటు పాలతో గడిపినప్పుడూ అదే. మాత్రలు మింగడం, వాపు తగ్గడం, మళ్ళీ కబుర్లు మొదలు. పిరికివాడని అందరూ ఏడిపించేవాళ్ళు. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

ఈసారి మాత్రం వాపు తగ్గగానే సెలూన్ మూసి, రెండు బస్సులు మారి పెద్దాసుపత్రికి వెళ్ళాడు.

అక్కడ కొత్త డాక్టరమ్మ. సొంతంగా ఇలాంటి పన్ను తీయడం ఆమెకదే మొదటిసారి. ఆ సంగతి తెలిసి పొద్దున్నుంచి ఇద్దరు కుర్చీ దిగి వెళ్ళిపోయారు. రేడియోని చూడగానే ఆమె బిగుసుకుపోయింది.

"పెద్ద డాక్టరుగారు తీస్తారు," అంది.

"నువ్వే తియ్యి తల్లీ."

"నా వల్ల కాదు. ఎక్కడైనా ఎక్కువ తెగితే?"

"తెగనీ. నేను గీసిన మొదటి గడ్డానికి మూడు గాట్లు పడ్డాయి. ఇంకొకరైతే అరుస్తారు. నేను అరవను."

పెద్ద డాక్టరు పక్కనే నిలబడ్డాడు. మత్తు సూది పడింది. పన్నుని రెండు ముక్కలు చేసి పైకి తీసేసరికి నలభై నిమిషాలు పట్టింది. రేడియో కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాడే గానీ కిక్కురుమనలేదు.

"శభాష్!" అన్నాడు పెద్ద డాక్టరు ఆమెతో. తర్వాత రేడియో వెంట తెచ్చిన పాత ఎక్స్‌రే మీద తేదీ చూసి నొసలు చిట్లించాడు. "ఇది నాలుగేళ్ళ కిందటే తీయించాల్సిన పన్ను. ఎందుకాగారో ఏమో!"

డాక్టరమ్మ మాస్కు కిందికి లాగింది. కళ్ళనిండా నీళ్ళు.

"నేను డాక్టరునయ్యేదాకా దీన్నిలాగే దాచిపెట్టావా నాన్నా?"