పొగ ఆగిన ఉదయం

మెరాపి అగ్నిపర్వతరాజం ఆ ఉదయం పొగ విడవడం మానేసింది. కొండ ఊళ్లు ఖాళీ చేసి కింద శిబిరంలో తలదాచుకున్న జనం హమ్మయ్య అనుకున్నారు. తుకినా మాత్రం తలెత్తకుండా గుడారం ముందు పులియబెట్టిన సోయాగింజల టెంపే ముక్కలు వేయిస్తోంది.

పట్నంలో పేకాట దిగ్విజయయాత్ర ముగించుకుని అప్పుడే విచ్చేసిన ఆమె భర్త పోనిజో, లవంగాల సిగరెట్టు ముట్టించి కొండకేసి చూశాడు.

"చల్లారింది. పైకెళ్లి ఊళ్లో ఉండిపోయిన ఆవుకింత గడ్డి పడేసొస్తా."

"వద్దండీ. కొండను కనిపెట్టి చూసే ఆఫీసమ్మ నిన్న అంతా విడమరిచి చెప్పింది. సముద్రం అడుగు నేల మన నేల కిందికి దూరుతోందట. లోతుకెళ్లాక అందులోని నీరు పైరాతిలోకి ఎక్కి దాన్ని కరిగిస్తుందట. ఆ కరిగిన రాతిలో ఆవిరి. అది బయటపడే దారే ఈ పొగ."

"ఆగింది కదే!"

"దాని గొంతు పూడుకుపోయింది. లోపలిది ఆగలేదు. కొండ నోరు మూసుకున్నప్పుడే భయపడాలట."

పోనిజో పడిపడి నవ్వాడు. "విన్నావా పిన్నీ!" అని పక్క గుడారపు ముసలమ్మను పిలిచాడు. "పొయ్యి ఊదేదానికి కొండ కడుపులో గుట్టు తెలిసిందట! నోరు మూసుకుంటే భయపడాలా? ఇది ముప్ఫయ్యేళ్లుగా మూసుకునే ఉంది, నాకేమైంది?"

ముసలమ్మ నవ్వింది. తుకినా ఎడమచేత్తో ముక్కలు తిరగేసింది. ఆయన ఒకనాడు విరిచిన కుడి మణికట్టు మళ్లీ సరిగా అతకలేదు.

ఆ గృహసామ్రాజ్యానికి శాసనం ఒక్కటే: ఇల్లాలు వద్దన్నది చేసి తీరాలి. గొడుగు తీసుకెళ్లమంటే ప్రభువు తడిసి వచ్చేవాడు. పుట్టగొడుగులు తినొద్దంటే తిని వాంతి చేసుకునేవాడు.

"ఆవు పోతే పోయింది. మీ కాళ్లు పట్టుకుంటా, వెళ్లకండి."

"ఆవు చస్తే దాని గుంజకి నిన్ను కడతానే!"

కొడవలి నడుముకు దోపి, కాపలావాడు అరుస్తున్నా అడ్డుతాడు తప్పించి, పోనిజో బండి మీద కొండదారి పట్టాడు.

"ఎంత బతిమాలావే తల్లీ!" అంది ముసలమ్మ.

"నా మాట ఏనాడు విన్నారు గనక," అంది తుకినా.

బండి చప్పుడు పూర్తిగా అణగిపోయేదాకా ఆగి, పొయ్యి ఆర్పి, గంపెడు గడ్డి నెత్తికెత్తుకుని, నిన్న సాయంత్రం తానే కొండ మీంచి తోలుకొచ్చి శిబిరం అవతలి పాకలో కట్టేసిన ఆవు దగ్గరికి బయలుదేరింది.