ఒక్క ముడి

"ఏందే ముసలీ ఇది?"

దశరథరామయ్య బస్తా చెవి పట్టుకుని గుంజాడు. కుట్టు చివర ఎర్రదారం వేలాడుతోంది. దారానికి ఒక ముడి.

దబ్బనం పట్టుకుని కూర్చున్న ముసలిది తల దించుకుంది.

"గుర్తు, సావుకారీ."

"ఎవరికే గుర్తు?"

ఆమె దారం మీద చెయ్యి అడ్డం పెట్టింది.

కోంటలో దశరథరామయ్యది పెద్ద చింతపండు వ్యాపారం. ఏటా తొలకరికి శబరిలో నీళ్లు పెరగగానే పడవల మీద రాజమండ్రి కంపెనీకి సరుకు పంపుతాడు. ఆ కంపెనీ పెట్టే షరతులు చూస్తే మగపెళ్లివారే నయమనిపిస్తుంది.

బస్తా మూతికి పద్నాలుగు కుట్లు ఉండాలి. రెండు పేటల పురికొసతోనే కుట్టాలి. నల్లసిరాతో కొట్టు మార్కా, దాని కింద వరుస నంబరు వేయాలి. అవి తప్ప బస్తా మీద మరే గుర్తూ కనబడకూడదు.

మొన్న వచ్చిన ఉత్తరాన్ని గుమాస్తా ధర్మయ్య రెండుసార్లు చదివి వినిపించాడు.

"కిందటి లోడులో ఒక బస్తాకు ఎర్రదారం కనబడింది. మళ్లీ కనబడితే లోడంతా తిప్పి పంపుతాం. ఒప్పందం రద్దు చేసుకుంటాం."

ఆ దారం ఇప్పుడు చేతికి చిక్కింది.

"ఎప్పటి సంది కడుతున్నవ్?"

"నీ కొట్టుకు వచ్చిన కాడి నుంచి. పడవకు ఒక్క బస్తాకే, సావుకారీ."

అంటే పదకొండేళ్లు. ఈ పదకొండేళ్లలో ఆమె కుట్టిన బస్తా ఒక్కటి కూడా దారిలో విచ్చుకోలేదు. అయినా కొట్టులో ఎవరూ ఆమె పేరు అడగలేదు. అందరికీ ఆమె దబ్బనం ముసలి.

పడవ వేళకు దశరథరామయ్య అడవిలో ఆమె ఊరు మరైగూడ పోయేవాళ్ల చేత ఆమెకు ఒక తాడు పంపుతాడు. అడవిలో కబురు వెళ్లేది అలాగే. ఏడు ముళ్లంటే ఏడు రోజులు. ఆమె రోజుకొక ముడి విప్పుతుంది. ఆఖరి ముడి విప్పిన రోజున కొట్టు ముందు ఉంటుంది. పని అయ్యాక కూలి కింద ఉప్పు మూట కట్టుకుని పోతుంది.

"ధర్మయ్యా, కత్తెర తే!"

ముసలిది కాళ్ల మీద పడింది.

"కొయ్యకు సావుకారీ. అది కోస్తే నన్ను చంపినట్టే."

"లోడు తిరిగొస్తే నన్ను చంపినట్టు కాదా?"

కసుక్కున కోసేశాడు.

కింద పడ్డ దారాన్ని ఆమె ఏరుకుంది. పడవ ఏటి మలుపు తిరిగేదాకా రేవులోనే నిలబడింది. ఆ రోజు ఉప్పు కూడా తీసుకోలేదు.

"ముసలిదానికి ఇంత పొగరా!" అనుకున్నాడు దశరథరామయ్య.

నెల తిరిగేసరికి పడవ వెనక్కి వచ్చింది. రెండో లోడు కోసం ఏడు ముళ్ల తాడు అంతకు ముందే మరైగూడ చేరింది.

పడవ నడిపే సరంగు వెనకాలే గుండు గీయించుకున్న మనిషి ఒకడు దిగాడు. రేవులో ఉన్న సంస్థానం పోలీసులు అడ్డుకున్నారు.

"నీ పేరేంది?"

"లక్మా. మరైగూడ లక్మా."

పోలీసులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. భూంకాల్ నాడు అడవి జనం తిరగబడి పోలీసు నాకా తగలబెట్టారు. ఆ కేసులో పదకొండేళ్లుగా దొరకని పేరు అది.

"పట్టుకపోండ్రి. ఒక్క పూట ఆగండ్రి. మా అమ్మ చచ్చిపోయింది. కొడుకును, ఆమె పేరు మీద రాయి నిలబెట్టి నేనే మీ కాడికి వస్త."

వాళ్లు ఆగలేదు. చేతులు కట్టేసి సుక్మా ఠాణా దారి పట్టించారు.

దశరథరామయ్యకు జాలేసింది.

"ఎవరయ్యా పాపం?" అని సరంగును అడిగాడు.

"కంపెనీ గోదాములో హమాలీ. అక్కడ వేరే పేరు చెప్పుకుని బతికిండు. మన పడవ వస్తే బస్తాలను ఇంకొకళ్లను ముట్టనియ్యడు. ఈసారి ప్రతి బస్తా చెవులు తడిమిండు. మళ్లీ మొదటి నుంచి తడిమిండు. ఏం దొరకలేదో ఏమో, 'అమ్మ పోయింది' అని కూలబడి ఏడ్చిండు. కోంట పోతే పట్టుకుంటరురా అన్నా వినలే."

ధర్మయ్య అప్పుడే కంపెనీ ఉత్తరం విప్పి హుషారుగా చదువుతున్నాడు.

"బస్తాల మీద అదనపు గుర్తు ఒక్కటీ లేదు. మిక్కిలి సంతోషం."

"ఆపవయ్యా!" అని అరిచాడు దశరథరామయ్య. అరిచాక ఏం చేయాలో తోచక అరుగు మీద కూలబడ్డాడు. ఇన్నేళ్లూ ముసలిది ఉప్పు కోసం వస్తోందనుకున్నాడు.

మధ్యాహ్నానికి ముసలిది అడవి దారిన వచ్చింది. రేవులో జరిగింది ఆమెకు తెలియదు. చేతిలో ముళ్లన్నీ విప్పిన తాడు ఉంది.

"నీ పేరేంది, అమ్మా?"

పదకొండేళ్లకు అడిగాడు.

"కోసే అంటరు" అంది ఆశ్చర్యంగా. కొంగు ముడి విప్పి, ఆ రోజు ఏరుకున్న ఎర్రదారం తీసింది.

"కోపం చేయకు సావుకారీ. ఈసారి కుట్టు లోపలి దిక్కు కడత. కంపెనీ కండ్లకు ఆనదు. నా కొడుకు వేళ్లకు ఆనుతది."

దశరథరామయ్య కళ్లు నిండాయి. లక్మాను తీసుకుపోయిన దారి వైపు చూశాడు.

ఆ కన్నీళ్లు చూసి సావుకారి ఒప్పుకున్నాడనుకుంది కోసే. గబగబా బస్తా ముందు కూర్చుంది. దారానికి కొత్త ముడి బిగిస్తూ, తనవాడికి గుట్టు చెప్పినట్టు గొంతు తగ్గించింది.

"ఒక్క ముడి అంటే, నేను బతికే ఉన్న, నువ్వు రాకు బిడ్డా అని."