పుల్లల తాత చెప్పిన అంకె

ఈ తీరంలో, లోతు తక్కువ నీళ్ళల్లో, నన్నడక్కుండా ఒక్క అల కూడా లేవదు.

అంటే, అలల లెక్క కట్టే ఆఫీసులో నేను రెండు మీటలు నొక్కుతాను. ఒకటి మెషిన్లో లెక్క మొదలెట్టేది, ఇంకోటి కాగితం అచ్చేసేది. రెండోదానికి ఇంకా శిక్షణలోనే ఉన్నాను.

తుఫానుకి రెండు రోజుల ముందు ఒక ముసలాయన వచ్చాడు. చేతిలో మూడు పుల్లలు. పొడుగుది, పొట్టిది, మరీ పొట్టిది.

"బాబూ, మీ లెక్కలో మన సముద్రపు గట్టుని నున్నగా గీశారు," అన్నాడు.

"ఇస్త్రీ చేయించాం తాతా."

నవ్వలేదు.

"పొడుగు పుల్లతో కొలిస్తే గట్టు రెండు కిలోమీటర్లు. పొట్టిదానితో రెండున్నర. దీనితో మూడు దాటింది. వంపులో వంపు, అందులో ఇంకో వంపు. అలాంటి చోట అల నడక వేరు. మీ లెక్కలో గట్టు వంపుకి ఒకటి అని అంకె పెట్టారు, అది తీసేసి పాయింట్ ఎనిమిది వేసి చూడు."

"ఇంతకీ మీరెవరు?"

"ఒకప్పుడు లెక్కలు చెప్పేవాణ్ణి. గట్టు మీద కట్టిన అడ్డుగోడ వెనక ఇళ్ళున్నాయి నాయనా. ఖాళీ చేయించాలేమో చూడు."

అంకె మారిస్తే మెషిను మళ్ళీ మొదటినుంచి తొమ్మిది గంటలు తిరగాలి. అంతసేపు కూర్చుంటే నాకు వేళ్ళు దిగి కుర్చీ చిగురిస్తుంది.

మర్నాడు ఆయన వచ్చేసరికి పాత కాగితంలోనే తేదీ, ఆ అంకె మార్చి అచ్చేసి చేతిలో పెట్టాను.

"వేశావా?"

"వేశాను తాతా. మెషినుకి చెమటలు పట్టాయి."

ఆయన కళ్ళజోడు తుడుచుకుని రెండోసారి చదివాడు.

"నీళ్ళు గోడ దాకా రావంటోందే. నా అంకె వేశాక కూడానా?"

"వేశాకే."

"అయితే నేనే పొరబడ్డాను." ముఖం విప్పారింది. "పోనీలే, ఇళ్ళు దక్కాయి. రేపు గోడ దగ్గరే నిలబడి చూస్తాను, ఎక్కడ ఆగుతుందో."

ఆయన వెళ్ళాక పుల్లలతో వంగి వంగి కొలిచే ఆ నడకని అందరికీ నటించి చూపించాను. ఆఫీసంతా పడీ పడీ నవ్వింది.

మర్నాటి మధ్యాహ్నం నీళ్ళు గోడ దాటాయి.

ఆయన తలుపు తలుపూ బాది పదిళ్ళ వాళ్ళని మేడల మీదకి ఎక్కించాడట. పదకొండో తలుపు దగ్గర శవమై దొరికాడు.

రెండు రోజుల తర్వాత మా ఆఫీసు పెద్ద, మేడం, నన్ను గదిలోకి పిలిచింది. బల్ల మీద, నీళ్ళల్లో నాని ఆరిన కాగితం.

"ఇది ఆయన జేబులో ఉంది. పాయింట్ ఎనిమిది అని ఉంది. ఆ తేదీన మన మెషిన్లో అసలు లెక్కే నడవలేదు."

"ఎవరో సరదాకి..." అన్నాను.

"ఈ మెషిన్లో నడిచే సమీకరణం రాసిందే ఆయన," అంది మేడం. "ముప్ఫై ఏళ్ళు పట్టింది. ఆ గోడ దగ్గర నిలబడితే ఏమవుతుందో ఆయన కన్నా తెలిసినవాళ్ళు లేరు. అలాంటి మనిషిని నిలబడేలా నమ్మించింది ఎవరు?"

"నేనే మేడం," అన్నాను.