ముప్ఫై తొమ్మిదో అంకె

“మొదలుపెట్టండి మాస్టారూ,” అంది డాక్టరు, కాగితం ముందుకు జరుపుకుని.

ఆయన గొంతు సవరించుకున్నాడు. నలభై ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషి, అరచేతుల చెమట ప్యాంటుకి తుడుచుకుంటున్నాడు. పక్క కుర్చీలో ఆయన భార్య. ఆవిడా లెక్కల టీచరే.

“కిందటిసారి మధ్యలో మూడుకి బదులు రెండన్నారు డాక్టరుగారూ. నేనే పట్టుకున్నాను,” అని కళ్లు మూసుకుని వినడానికి సిద్ధమైంది.

“ఒకటి, ఏడు, సున్నా, ఒకటి, నాలుగు, ఒకటి...”

నూట ఇరవై ఏడు రెళ్లని వరసగా గుణించి, వచ్చినదాంట్లోంచి ఒకటి తీసేస్తే మిగిలే సంఖ్య అది. ముప్ఫై తొమ్మిది అంకెలు. ఒకటితోనూ, దానితోనూ తప్ప మరి దేనితోనూ శేషం లేకుండా భాగించలేం. కంప్యూటర్లు లేని రోజుల్లోనే ఆ సంగతి కాగితం మీద తేల్చేశారు. పెళ్లైన కొత్తలో ఇద్దరూ పందెం వేసుకుని దాన్ని బట్టీపట్టారు. ఒకరు అప్పజెప్పడం, ఒకరు తప్పులు పట్టడం.

రిటైరయ్యాక ఇంటి ముందుగదిలో ఇద్దరూ సాయంత్రాలు పాఠాలు చెబుతున్నారు. ఆ మధ్య ఒక పిల్ల తండ్రి నోట్సు పట్టుకొచ్చి, “ఏమనుకోకండి, చెప్పిన లెక్కలన్నీ తప్పులే,” అన్నాడు. అప్పట్నుంచే ఈ ఆస్పత్రికి తిరగడం.

“...ఒకటి, సున్నా, ఐదు, ఏడు, రెండు...”

ఆయన ఆగాడు. భార్య ముఖంలోకి చూశాడు.

“ఐదు.”

చివర ఐదుంటే ఐదుతో భాగించొచ్చు. అది ప్రధాన సంఖ్య కాదని ఆరో తరగతి పిల్లలైనా చెప్పేస్తారు. అక్కడ ఉండాల్సింది ఏడు.

ఆవిడ కళ్లు తెరిచి చప్పట్లు కొట్టింది.

“చూశారా, ఈసారి ఒక్క తప్పు లేదు!”

డాక్టరు కాగితం మీద ఏదో రాసుకుంది.

“మేడమ్, మీరు కాసేపు బయట కూర్చుంటారా?”

“అలాగే. ఆయన్ని మాత్రం భయపెట్టకండేం,” అంటూ ఆవిడ లేచింది.

తలుపు మూసుకుంది.

“చివర్లోనైనా పట్టుకుంటారనుకున్నాను మాస్టారూ.”

“నేనూ అనుకున్నానమ్మా.” ఆయన మూసిన తలుపు వైపు చూశాడు. “పాఠాలు ఆపెయ్యాలా?”

“ఆపితేనే మంచిది. పిల్లల ముందు తప్పు పోతే మనసు కష్టపెట్టుకుంటారు. ఇంట్లో మెల్లిగా చెప్పండి.”

బయట ఆవిడ బెంచీ మీంచి ఆత్రంగా లేచింది.

“ఏమందండీ?”

“కొన్నాళ్లు పాఠాలు ఆపమంది.”

“మరేం పర్లేదు. మీరు హాయిగా పడుకోండి. పిల్లల సంగతి నేనొక్కదాన్నే చూసుకుంటాను.”

“వద్దు. ఇద్దరం మానేద్దాం. నాకు తోడుండు.”

“సరే, మీకు బాగయ్యేదాకా మానేద్దాంలెండి,” అని ఆవిడ ఆయన్ని చెయ్యి పట్టుకుని జాగ్రత్తగా మెట్లు దింపింది.

పరీక్ష తనకేనని ఆవిడకి తెలియదు.