ఎక్కని పేరు

“ఫొటో పెద్దగున్నదట కనకన్నా. సైటు తీసుకుంటలేదు,” అన్నాడు దేవదాస్ తెర మీదనుంచి కళ్లు తిప్పకుండా.

“పెద్దగుంటే కోసెయ్యి తమ్మీ,” అన్నాడు కనకయ్య, మూతికి కట్టుకున్న తువ్వాలు సర్దుకుంటూ.

వెనక దూరం దూరంగా నిలబడ్డవాళ్లు నవ్వారు. లాక్‌డౌన్ పెట్టి యాభై రోజులు. పరాయి రాష్ట్రంలో, నవాగామ్‌లోని ఆ తెలుగువాళ్ల గల్లీలో ఎవరైనా నవ్వి చాలా రోజులైంది.

దేవదాస్ మామూలు రోజుల్లో చీరల దుకాణాలకు వెబ్‌సైట్లు చేసేవాడు. చిన్న ఆఫీసుల్లో కంప్యూటర్ మొరాయిస్తే సరిచేసేవాడు. పోయిన ఫైలును వెతికి తెచ్చేది, ఫొటో బరువు తగ్గించేది, ఒకే పేరు రెండుసార్లు పడితే పట్టించేది, ఇలా ఏ తిప్పలకైనా అతని దగ్గర ఒక సాఫ్ట్‌వేర్ ఉంటుందని పేరు. ఇప్పుడు తెలంగాణకు పోయే బస్సెక్కాలంటే సైటులో పేరు ఎక్కించి, పర్మిషన్ కాగితం తీసుకోవాలి. గల్లీ మొత్తం అతని ముందుగదికే వస్తోంది.

కనకయ్య పాండేసరాలో బట్టల మిల్లులో సాంచా మగ్గం నడిపేవాడు. గదిలో ఆరుగురుండేవారు. వాళ్లలో గంగారాంకు దగ్గు మొదలైతే అంబులెన్సు వచ్చి తీసుకుపోయింది. వారం తర్వాత చనిపోయాడని ఫోన్ వచ్చింది. ముఖం కూడా చూపించలేదు. మిగిలినవాళ్లను పధ్నాలుగు రోజులు గదిలోనే ఉంచి తాళం వేశారు. బయటికి వచ్చినప్పటినుంచి కనకయ్యకు ఒకటే ధ్యాస. ఊళ్లో కూతురు కొడుకును కన్నది. మనుమణ్ణి ఒక్కసారి చూడాలి.

ఆధార్ కార్డు ఇంటి దగ్గరే ఉండిపోతే, దాని ఫొటో తీసి దేవదాస్ ఫోన్‌కు పంపించమని భార్య కొమురవ్వకు తనే చెప్పాడు. ఆమె ఆ సాయంత్రమే పంపించింది.

ఫొటో పెద్దగున్నదన్న మర్నాడు దేవదాస్ దాన్ని చిన్నది చేశానన్నాడు. అయినా పేరు ఎక్కలేదు.

“ఆధార్ల పేరొక తీరు, ఫారంల ఒక తీరు పడ్డదన్నా. సరిచేస్త.”

ఆ తర్వాతి రోజు ఇంకోటి. “బ్రౌజర్ల పాత సరుకు పేరుకుంటే గిట్లనే సతాయిస్తది. మొత్తం సాఫ్ చేసిన. రేపు చూద్దాం.”

రోజూ సాయంత్రం కొమురవ్వ ఫోన్ చేసేది.

“పేరొచ్చిందా?”

“ఇంక రాలే.”

అవతల ఆమె పొడుగ్గా ఊపిరి వదిలేది. “పైలం. యాళ్లకు తిను,” అని పెట్టేసేది. ఆ నిట్టూర్పు విని కనకయ్య ‘దాని పానమంత నా మీదనే ఉన్నది’ అనుకునేవాడు.

గదిలోవాళ్లు ఒక్కొక్కరే బస్సెక్కారు. లక్ష్మీరాజం తన తర్వాత మూడు రోజులకు ఫారం ఇచ్చాడు. అతని కాగితం ముందే వచ్చింది.

“తమ్మీ, అందరియి అయితున్నయి. నాదే ఎందుకైతలేదు?”

“సర్వర్ అన్నా. మన చేతిల లేదు.”

“బమ్రోలిల ఇంకొకాయన చేస్తున్నడట. ఆడికి పోత.”

దేవదాస్ తలెత్తలేదు. “ఒక్కసారి ఆధార్ నంబర్ పడ్డంక వేరే దగ్గర తీసుకోదు.”

కనకయ్య నమ్మాడు. నమ్మక చేసేదేముంది? ఖాళీ గదిలో ఐదు చాపలు చుట్టి గోడకు ఆనించి, తనొక్కడే పడుకునేవాడు. దగ్గొస్తే భయమేసేది. తను పోతే ఎవరికి ఫోన్ చెయ్యాలో ఒక కాగితం మీద రాయించి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

చివరి బస్సు మంగళవారం పొద్దున బయలుదేరింది. కనకయ్య సంచీ భుజానికేసుకుని రోడ్డు మీదికి వెళ్లాడు. డ్రైవర్ కాళ్లు పట్టుకున్నాడు. కాగితం లేకుండా ఎక్కించుకుంటే బార్డర్‌లో బండి మొత్తం ఆపేస్తారని డ్రైవర్ చేతులు జోడించాడు. కిటికీల్లోంచి తెలిసిన ముఖాలన్నీ చూస్తుండగానే బస్సు కదిలిపోయింది.

అక్కణ్ణించి అతను నేరుగా దేవదాస్ ఇంటికి వచ్చాడు. గడప దాటి లోపలికి వెళ్లి అతని కాలర్ పట్టుకున్నాడు.

“ఊకె కంపూటర్ల తప్పు, కంపూటర్ల తప్పు అంటివి. తప్పు దాంట్ల లేదు, నీల ఉన్నది! నీ చేత గాదని మొదలే చెప్తే ఇంకో దిక్కు పోదును గదరా. నేనీడ కుక్కసావు సస్తే పాపం నీదే!”

వాకిట్లో జనం పోగయ్యారు. “పనిరానోడు, పేరు మాత్రం పెద్దది,” అన్నారెవరో. దేవదాస్ చెంప మీద దెబ్బ పడ్డా చెయ్యెత్తలేదు.

లోపలినుంచి అతని భార్య ఉదయశ్రీ వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. వాకిలి తలుపు దగ్గరికేసి, భర్త జేబులోంచి ఫోన్ లాక్కుంది.

“వద్దు ఉదయా,” అన్నాడు దేవదాస్.

“ఎన్ని రోజులు మాటలు పడ్తవ్? నువ్వు ఫారం పంపిస్తనే లేవని అన్నకు తెల్వద్దా?” అంది ఆమె. “కనకన్నా, ఆధార్ ఫొటో తర్వాత వచ్చింది ఇది. వినుండ్రి.”

వాయిస్ మెసేజ్. ముందు పసిపిల్లవాడి ఏడుపు వినిపించింది. ఆ తర్వాత ఎవరో గొంతు తగ్గించి మాట్లాడారు.

“తమ్మీ, నీ కాళ్లు మొక్కుత. ఆ పేరు ఎక్కియ్యకు. గంగారాం సచ్చిపోయిన సంగతి ఈడ అందరికి ఎర్కైంది. ఆ గదిలకెళ్లి మనిషొస్తే బాలింతను, పసిగుడ్డును సుత ఊళ్లె ఉండనియ్యమంటున్నరు. కంపూటర్ల తప్పున్నదని చెప్పు. నేను చెప్పిన్నని మాత్రం చెప్పకు.”

గొంతు కొమురవ్వది.