స్టేడియం ముందు కంచు కుర్రాడు

“ఆ బూటు ముట్టుకో బాబూ, కలిసొస్తుంది,” అన్నాడు కోచ్ హాలోవే.

ఫుట్‌బాల్ స్టేడియం గేటు ముందున్న కంచు విగ్రహం బూటు, జనం చేతులు తగిలి తగిలి బంగారంలా మెరుస్తోంది. కెండ్రిక్ వంగి ముట్టుకున్నాడు. కొడుకుని ఈ కాలేజీ టీములో చేర్చాలా వద్దా అని చూసుకోవడానికి తల్లి వెర్లీన్ కూడా వచ్చింది.

“ఎవరీ అబ్బాయి?” అని అడిగింది.

“మా టీములో ఆడిన డారెల్. ఆగస్టు ఎండల్లో ప్రాక్టీసు చేస్తూ ఈ మైదానంలోనే పోయాడమ్మా.”

“అయ్యో, ఏమైంది?”

“వడదెబ్బ. మిగతావాళ్లంతా నీళ్లకని పక్కకి పోయేవాళ్లు. వాడు ఒక్కసారి కూడా దాహమనలేదు. అదీ గుండె అంటే!” కోచ్ కళ్లు నిజంగానే చెమర్చాయి.

వెర్లీన్ కొడుకుకి దగ్గరగా జరిగింది. “మీరైనా పిలిచి కాసిని నీళ్లు పట్టకపోయారా?”

కోచ్ కుర్రాడి వైపు తిరిగాడు. కెండ్రిక్ భుజం తట్టి, “నువ్వయితే నీళ్లడుగుతావా?” అన్నాడు.

కెండ్రిక్ విగ్రహం మొహంలోకే చూస్తున్నాడు.

“నేనూ అడగను సార్.”

“పద, ఇంటికి పోదాం,” అంటూ వెర్లీన్ కొడుకు చెయ్యి పట్టుకుంది.

“ఉండమ్మా,” అని వాడు మెల్లగా చెయ్యి విడిపించుకుని, కోచ్ వెంట గేటు లోపలికి నడిచాడు.